చెయ్యి చేసుకునే చోట

మా షెడ్డులో దెబ్బలు రెండు రకాలు. ఒకటి ఇనుము మీద పడేది, రెండోది మనిషి మీద పడేది. రెండో దానికి చప్పుడు తక్కువ, అంతే.

విజయవాడ ఆటోనగర్లో ట్రాక్టర్ వెనక తగిలించే ట్రక్కులు తయారుచేసే షెడ్డు అది. వడ్ల బస్తాలు, ఇసుక, చెరుకు మోసే ఆ ట్రక్కులకి అడుగున వేసే ఇనుప ఛానళ్ళు వంకర తిరిగి ఉంటే ఎర్రగా కాల్చి, సమ్మెటతో కొట్టి సరిచేస్తారు. నేను మెకానికల్ డిప్లొమా చదివి అక్కడ చేరాను. డ్రాయింగులు గీయడం, కొలతలు సరిచూడడం, మనుషుల్ని పనిలోకి తీసుకోవడం నా పనులు. అంతమంది మగవాళ్ళ మధ్య నేనొక్కదాన్నే ఆడదాన్ని. షెడ్డు మూల గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చునేదాన్ని. ఆ కిటికీలోంచి అన్నీ కనిపించేవి. కొన్ని చూడకుండా ఉంటే బాగుండేది.

షెడ్డు పని మొత్తం ఒక మేస్త్రి చేతిలో ఉండేది. యాభై దాటిన మనిషి. కంటితో చూసి ఇరుసు ఎటు వాలిందో చెప్పగలడు. ఎడమ చెవి వినపడదు. పని నేర్పిన గురువు కొట్టిన దెబ్బకి ఆ చెవి పోయింది. ఆ సంగతి బాధగా కాదు, పెద్ద చదువు చదివిన వాళ్ళు కాలేజీ పేరు చెప్పుకున్నట్టు చెప్పుకునేవాడు. అతని కింద పనిచేసే వాళ్ళలో అతని చేతి దెబ్బ తినని వాడు లేడు. వాళ్ళు కూడా దాన్ని అలాగే చెప్పుకునేవాళ్ళు.

మా ఓనరు గారిది తరాలుగా ఇనుప వ్యాపారం చేసిన ముస్లిం కుటుంబం. నెమ్మదైన మనిషి. నన్ను "అమ్మా" అని తప్ప పిలవరు. పాలిటెక్నిక్ పిల్లలు ఒక సెమిస్టరంతా పరిశ్రమలో శిక్షణ పొందాలని రూలు. చుట్టుపక్కల షెడ్లవాళ్ళు ఆ పిల్లల్ని ఊరికే పెట్టుకుని, చెత్త ఊడ్పించి, టీలు తెప్పించి, చివర్లో సంతకం పెట్టి పంపేవాళ్ళు. మేము కూడా పిల్లల్ని తీసుకుందామని నేను అన్నప్పుడు ఓనరు గారు ఒకటే మాట చెప్పారు.

"తీసుకుంటే నెలనెలా జీతమిచ్చి తీసుకుందాం అమ్మా. పని చేయించుకుని కూలి ఎగ్గొడితే అది హరామ్."

ఈ సంగతి తెలిసి మేస్త్రి నా గది గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"ఏంటి మేడమ్ గారూ, డబ్బులిచ్చి మరీ తన్నులు తినేవాళ్ళని తెస్తున్నారంట?"

"తన్నులు ఉండవు మేస్త్రి గారూ. వాళ్ళు స్టూడెంట్లు."

"దెబ్బ పడకుండా పని వచ్చినోడు ఈ నగర్లో ఎవడన్నా ఉంటే చూపించండి. వాడి కాళ్ళకి దణ్ణం పెడతా."

నేను పాలిటెక్నిక్‌కి వెళ్ళాను. అక్కడి వర్క్‌షాపులో ఒక్కొక్కరినీ పిలిచి, ఇనుప పట్టీ ఇచ్చి, గీసిన గీత వెంట కోయమన్నాను. రంపం పట్టుకునే తీరు చూస్తే చాలావరకు మనిషి తెలుస్తాడు. కోయడం అయ్యాక ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడిగాను. షెడ్డులో మాట కటువుగా ఉంటుంది, ఒక్కోసారి చెయ్యి కూడా లేస్తుంది, అప్పుడేం చేస్తావు అని. మంచి జవాబు ఏదో నాకే తెలియకుండా అడిగిన ప్రశ్న అది. చాలామంది బిత్తరపోయారు. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు, ఇంట్లో లారీలున్నవాడు, "వెళ్ళిపోతానండీ" అన్నాడు. పెడన నుంచి వచ్చిన ఇంకో కుర్రాడు, చేనేత పని చేసేవాళ్ళ అబ్బాయి, తల వంచుకుని "ఓర్చుకుంటానండీ" అన్నాడు. కూచిపూడి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయి, వాళ్ళ నాన్న కౌలు రైతు, నా ముఖంలోకి సూటిగా చూసింది.

"అప్పుడు మీరెక్కడుంటారండీ?" అంది.

ఆ ముగ్గురినీ తీసుకున్నాను.

లారీల కుర్రాడు తన మాట నిలబెట్టుకున్నాడు. చేరిన వారంలోనే, పని మధ్యలో ఫోన్ చూస్తుంటే మేస్త్రి చేతిలో ఉన్న పెద్ద స్పానరు విసిరాడు. తలకి తగల్లేదు. వెనక ఉన్న రంగు డ్రమ్ముకి తగిలి డ్రమ్ము లోపలికి నొక్కుకుపోయింది. కుర్రాడు ఆ సొట్టని చేత్తో తడిమి చూశాడు. టీ తాగొస్తానని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. వాళ్ళ నాన్న నాకు ఫోన్ చేసి, "మావాడు లారీలు చూసుకుంటాడులెండి, తల పగలగొట్టించుకుని నేర్చుకోవాల్సిన ఖర్మ వాడికి లేదు" అని పెట్టేశాడు.

ఓనరు గారు మేస్త్రిని పిలిచి గట్టిగానే చెప్పారు. అతను తల ఊపాడు. కొన్నాళ్ళు అతని చేతులు జేబుల్లో ఉండడం నేను చూశాను. ఆ కొన్నాళ్ళూ అతను తిట్టే తిట్లు మాత్రం షెడ్డు రేకులకి తగిలి మోగేవి.

తర్వాత ఎండలు ముదిరాయి. పెడన కుర్రాడు నిండు చేతుల చొక్కా వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని రావడం మొదలుపెట్టాడు. వెల్డింగు దగ్గర నిప్పురవ్వలు పడతాయని అనుకున్నాను. ఒకరోజు వాడు డ్రాయింగు కోసం నా బల్ల మీదకి వంగినప్పుడు కాలరు పక్కకి జరిగింది. మెడ నుంచి వీపులోకి దిగుతూ వేలి మందాన ఎర్రటి వాత.

"ఏంటది?"

"నిప్పు పడిందండీ."

పక్కనే ఉన్న అమ్మాయి కాగితం మీద నుంచి తలెత్తకుండానే, "నిప్పు కాదండీ, వెల్డింగు కేబులు" అంది. కుర్రాడు ఆమె వైపు కోపంగా చూశాడు. తన దెబ్బ తనకి ఉండనివ్వమన్నట్టు ఉంది ఆ చూపు.

నేను వెళ్ళి మేస్త్రిని అడిగాను. అతను ఇరుసు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఆ అమ్మాయి మీద చెయ్యేశానా? లేదుగా."

"అబ్బాయి మీద మాత్రం ఎందుకు?"

"వాడి చెయ్యి మంచిది మేడమ్. నా తర్వాత ఈ షెడ్డు నడిపే చెయ్యి. చెయ్యి బాగోనోణ్ణి నేను కొట్టను, చీపురిస్తాను. వాణ్ణి అడగండి, వాడేమన్నా బాధపడుతున్నాడేమో."

కుర్రాణ్ణి అడిగితే, "నాకేం ఇబ్బంది లేదండీ, మీరు పైకి చెప్పకండి, ఆయన నేర్పడం మానేస్తాడు" అన్నాడు. వాళ్ళ ఇంట్లో కూడా మగ్గం దగ్గర పోగు తెగితే వీపు మీద ఒకటి పడేదట. వాడికి అదేమీ కొత్త కాదు. నాకు వాడి మీద కోపం వచ్చింది. కొట్టిన వాడి మీద కంటే తిన్నవాడి మీద ఎక్కువ కోపం రావడం ఏమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఓనరు గారితో చెప్పాను. కోతలకి అందిస్తామని ఒప్పుకున్న ఆర్డరు చేతిలో ఉంది, మేస్త్రి లేకపోతే ఒక్క ట్రక్కు బయటికి పోదు. "ఆర్డరు అయిపోనీ అమ్మా, నేనే తేలుస్తాను" అన్నారు.

తేలడం ఆయన అనుకున్నట్టు జరగలేదు.

ఒక గురువారం మధ్యాహ్నం, భోజనాలకి ముందు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. ట్రక్కు ఫ్రేముకి కుర్రాడు వేసిన అతుకు వంకరగా వచ్చింది. మేస్త్రి వంగి చూశాడు, లేచాడు, చేతికందిన కేబులు మడిచి వాడి వీపు మీద లాగి కొట్టాడు. కుర్రాడు ఫ్రేముని పట్టుకుని నిలబడ్డాడు. ఇంకోటి. ఇంకోటి. గ్రైండర్లు తిరుగుతూనే ఉన్నాయి, ఎవరూ తల తిప్పలేదు. నేను గదిలోంచి బయటికి పరుగెత్తేలోపే ఆ అమ్మాయి మధ్యలోకి వెళ్ళింది.

"ఆపండి" అంది. అరవలేదు కూడా.

మేస్త్రి వెనక్కి తిరిగి ఆమె చెంప మీద కొట్టాడు. ఎవరని చూసి కొట్టాడో, చూడకుండా కొట్టాడో నేను చెప్పలేను. ఆమె ఒక పక్కకి తూలి బల్లని పట్టుకుంది. ఆ బల్ల మీద పైపు రెంచి ఉంది. దాన్ని రెండు చేతులతో తీసి అతని తల మీద కొట్టింది.

కొబ్బరికాయ చప్పుడు అంటారు గదా, అలా లేదు. తడిసిన గోనెసంచిని గట్టు మీద వేసినట్టు ఉంది. మేస్త్రి చెవి వినపడని వైపు చెయ్యి పెట్టుకుని, చెయ్యి తీసి చూసుకుని, అక్కడే ఇరుసు మీద కూర్చున్నాడు. నెత్తురు అతని కనుబొమ్మ దాటి గడ్డం మీదకి వచ్చింది. గ్రైండర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. 

అమ్మాయి చేతిలో రెంచి అలాగే ఉంది. నేను దాన్ని లాక్కోవాల్సి వచ్చింది, వేళ్ళు బిగుసుకుపోయాయి. భుజం పట్టుకుని నా గదిలోకి తీసుకెళ్ళి గడియ పెట్టాను. బయట తలుపు మీద దబదబా బాదుతున్నారు. "దాన్ని బయటికి పంపండి" అని ఒకడు. "మేస్త్రి కాళ్ళు పట్టించాలి" అని ఇంకొకడు. ఎవరో కిటికీ గాజు మీద నట్టు విసిరారు. గాజు సాలెగూడులా పగిలి నిలిచింది. అమ్మాయికి మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు పళ్ళకి తగిలి టకటకమంది.

"చచ్చిపోయాడా అండీ?"

"లేదు. కూర్చున్నాడు."

"నేను ఇంకా గట్టిగా కొడదామనుకున్నానండీ" అంది. ఆ మాట అన్నాక ఏడ్చింది.

ఓనరు గారు వచ్చి, అందరినీ పక్కకి తప్పించి, ఆమెని తన కారులో ఎక్కించి ఊరికి పంపారు. మేస్త్రి తలకి కుట్లు పడ్డాయి. సాయంత్రానికి కట్టు కట్టుకుని షెడ్డుకే వచ్చి కూర్చున్నాడు. నేను వెళ్ళి ఇంటికి పొమ్మంటే, "ఇంటికెళ్ళి ఏం చెప్పాలి మేడమ్? ఆడపిల్ల కొట్టిందని చెప్పాలా?" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు పొద్దున పనివాళ్ళు మిషన్లు ముట్టుకోలేదు. అమ్మాయి వచ్చి మేస్త్రి కాళ్ళ మీద పడేదాకా పని లేదన్నారు. ఒక్క పెడన కుర్రాడు మాత్రం చైన్ పుల్లీకి వేలాడదీసిన ట్రక్కు ఫ్రేము దగ్గర, నిన్న తను వంకరగా వేసిన అతుకుని గ్రైండ్ చేస్తూ ఉన్నాడు. ఓనరు గారు ఇరువైపుల వాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడదామని సాయంత్రానికి ఏర్పాటు చేశారు. శుక్రవారం కాబట్టి మధ్యాహ్నం జుమ్మా నమాజుకి వెళ్ళారు. ఆయన అలా వెళ్ళారు, ఇలా గేటు ముందు ఒక వ్యాను ఆగింది.

అమ్మాయి వాళ్ళ నాన్న, ఇద్దరు అన్నలు, ఇంకా నాకు తెలియని బంధువులు. చేతుల్లో కర్రలు. ఆడపిల్ల చెంప మీద వేలిముద్రలు చూసిన వాళ్ళు సాయంత్రం దాకా ఎందుకు ఆగుతారు? అమ్మాయి కూడా వ్యానులో ఉంది. ఆమె దిగి పెద్దన్న చొక్కా పట్టుకుని, "అన్నయ్యా వద్దురా, నేను కొట్టేశానురా, అయిపోయిందిరా" అంటోంది. వాడు వెనక్కి తిరిగి ఆమెని కొట్టాడు. నిన్న దెబ్బ తగిలిన చెంప మీదే.

"నోరు మూసుకుని బండిలో కూచో. నీ వల్లే ఇదంతా."

చెల్లిని ఎవడో కొట్టాడని వచ్చినవాడు చెల్లినే కొట్టడం గేటు దగ్గర నిలబడి నేను కళ్ళారా చూశాను.

నేను గేటు మూయబోయాను. లోపలి నుంచి పనివాళ్ళు వస్తున్నారు, చేతికి ఏది దొరికితే అది పట్టుకుని. పైపు ముక్కలు, ఛానల్ ముక్కలు, ఒకడి చేతిలో సమ్మెట. "ఎవడ్రా మేస్త్రి?" అని చిన్నన్న అరిచాడు. "నేనే" అని తలకి కట్టుతో మేస్త్రి ముందుకొచ్చాడు. అంతే. గేటు నా మీదకే వచ్చింది. నేను వెనక్కి పడబోయి నిలదొక్కుకుని, మధ్యలో చేతులు చాపి, "ఆగండి, ఆగండి" అన్నాను. ఎవరూ నన్ను కొట్టాలనుకోలేదు, అది నాకు తెలుసు. కానీ ఒక కర్ర నా ఎడమ భుజం మీద పడింది, లోపల ఎముక విరిగిన చప్పుడు నా చెవికే వినిపించింది. ఆ కర్ర ఏ పక్షానిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరినీ అడగలేదు.

కింద కూర్చుని చూస్తున్నాను. దెబ్బలాట అంటే సినిమాలో లాగా ఒకడి తర్వాత ఒకడు కొట్టుకోవడం కాదు. అందరూ ఒకరికొకరు అతుక్కుపోయి తోసుకుంటారు. చొక్కాలు చిరుగుతాయి. కర్ర ఆడించడానికి చోటుండదు, అందుకని మోచేతులతో, తలలతో కొట్టుకుంటారు. పళ్ళతో కూడా. అమ్మాయి వాళ్ళ నాన్న మాత్రం ఒక పక్కన నిలబడి, పట్టుకొచ్చిన కర్రని ఏం చేయాలో తెలియనట్టు చూస్తున్నాడు. మేస్త్రి కట్టు ఊడి కుట్లు మళ్ళీ తెరుచుకున్నాయి. పెద్దన్న ముక్కు పగిలింది. ఆ గుంపు గుంపంతా తోసుకుంటూ తోసుకుంటూ షెడ్డు లోపలికి జరిగింది, వేలాడుతున్న ఫ్రేము వైపు.

ఎవరి వీపో తగిలి ఫ్రేము ఊగడం మొదలుపెట్టింది. దాన్ని ఆ గొడవలో చూసింది ఒక్కడే. పెడన కుర్రాడు పరుగెత్తి చైను పట్టుకుని, ఫ్రేముని నెమ్మదిగా కిందకి దించబోయాడు. "జరగండి, జరగండి, పడిపోద్ది" అని వాడు అరవడం నాకు వినబడింది. ఎవరికీ పట్టలేదు. ఇంకో తోపు వచ్చింది. కొక్కెం జారింది.

ఫ్రేము ఒక మూల నేలని కొట్టింది, ఆ మూల కింద వాడి కుడి పాదం ఉంది.

వాడి కేక విన్నాక చేతులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒకరి కాలరు పట్టుకున్నవాడు అలాగే పట్టుకుని తల తిప్పి చూశాడు. మేస్త్రి అందరికంటే ముందు కదిలాడు. పొడుగాటి ఇనుప కడ్డీ ఫ్రేము కిందకి దోపి, "పట్టండ్రా" అన్నాడు. అప్పటిదాకా కొట్టుకున్న వాళ్ళే, అన్నలూ పనివాళ్ళూ కలిసి, ఒకరి చేతి పక్కన ఒకరు చెయ్యి వేసి ఆ ఫ్రేముని ఎత్తారు. అమ్మాయి వ్యానులోంచి వచ్చి కుర్రాణ్ణి చంకల కింద పట్టుకుని వెనక్కి లాగింది. బూటు నిండా నెత్తురు. బూటు విప్పవద్దని నేను అన్నాను, ఎందుకన్నానో తెలియదు.

మేస్త్రి వాణ్ణి పసివాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఆటోలో కూర్చున్నాడు. నేను పక్కన. అతని తల నుంచి కారే నెత్తురు కుర్రాడి చొక్కా మీద పడుతోంది. దారంతా, "కళ్ళు తెరవరా, మూశావంటే చంపేస్తా" అంటూనే ఉన్నాడు.

హాస్పిటల్లో స్ట్రెచరు కోసం అడిగితే, అక్కడున్న అటెండరు ముందు చీటీ రాయించుకు రమ్మన్నాడు. మేస్త్రి కుర్రాణ్ణి బెంచీ మీద పడుకోబెట్టి, వెనక్కి తిరిగి ఆ అటెండరు చెంప పగలగొట్టాడు. స్ట్రెచరు వచ్చింది. సెక్యూరిటీ వాళ్ళు వచ్చి మేస్త్రిని బయటికి ఈడ్చుకెళ్ళారు. నాలుగు దెబ్బలు వేసి మరీ ఈడ్చుకెళ్ళారు. నేను విరిగిన భుజాన్ని ఇంకో చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ క్షణంలో అటెండరు మీద పడిన ఆ దెబ్బకి నాకు సంతోషం వేసింది. ఆ మాట కూడా చెప్పాలి గదా.

పాదంలో మూడు వేళ్ళు తీసేశారు.

పెడన నుంచి వాళ్ళ నాన్న చీకటి పడకముందే వచ్చాడు. బక్కపలచని మనిషి, చేతి సంచిలో కొడుక్కి మార్చుకోవడానికి బట్టలు. నేనే వార్డులోకి తీసుకెళ్ళాను. కుర్రాడికి అప్పుడే మెలకువ వచ్చింది. ఆయన పాదం మీద కట్టు చూశాడు. దగ్గరికి వెళ్ళి, ఫెడేల్మని కొడుకు చెంప మీద ఒకటి వేశాడు.

"వాళ్ళూ వాళ్ళూ కొట్టుకుంటంటే నీకెందుకురా? నువ్వెందుకెళ్ళావురా మధ్యలోకి?"

నర్సు పరుగెత్తుకొచ్చింది. ఆయన మంచం ఇనుప కమ్మీ పట్టుకుని అలాగే వంగిపోయాడు. వీపు ఎగసి ఎగసి పడుతోంది. కుర్రాడు చెంప మీద చెయ్యి కూడా పెట్టుకోలేదు. తండ్రి తల మీద చెయ్యి వేసి, "ఏం కాదు నాన్నా, ఏం కాదు" అన్నాడు.

పోలీసులు వచ్చి ఇరువైపుల పేర్లూ రాసుకున్నారు. తర్వాత ఆటోనగర్ పెద్దలు, అమ్మాయి ఊరి పెద్దలు మాట్లాడుకుని కేసులు లేకుండా చేసుకున్నారు. కుర్రాడి వైద్యం, ఆ తర్వాత వాడి చదువు ఓనరు గారు చూసుకునేట్టు, మేస్త్రీ అమ్మాయీ ఒకరికొకరు క్షమాపణ చెప్పుకునేట్టు ఒప్పందం. మా షెడ్డులోనే కుర్చీలు వేసి కూర్చున్నారు. మేస్త్రి లేచి, నేల చూస్తూ, "తప్పయింది" అన్నాడు. పెద్దలు అమ్మాయి వైపు తిరిగారు.

"ఆయన నన్ను కొట్టాడు, నేనాయన్ని కొట్టాను. మా ఇద్దరికీ సరిపోయిందండీ" అంది ఆమె. "కాలు పోయింది మాలో ఎవరికీ కాదు. చెప్పేదేదో అందరం వెళ్ళి ఆ అబ్బాయికి చెబుదాం."

పెద్దన్న పళ్ళు కొరికాడు, వాడి ముక్కు ఇంకా వాచే ఉంది. వాళ్ళ నాన్న మొట్టమొదటిసారి నోరు విప్పి, "నా కూతురు చెప్పింది సబబేగదండీ" అన్నాడు. పెద్దలు సరేనని లేచారు. హాస్పిటల్‌కి మాత్రం అందరూ వెళ్ళలేదు. ఆమె వెళ్ళింది, వాళ్ళ నాన్న వెళ్ళాడు, ఓనరు గారూ నేనూ వెళ్ళాం.

కాలేజీ వాళ్ళు ఆ అమ్మాయిని వేరే చోటికి మారుస్తామన్నారు. ఆమె మారనంది. "నేను మారితే నన్ను వెళ్ళగొట్టినట్టవుతుందండీ" అని నాతో చెప్పింది. ఇంట్లో పెద్ద గొడవే అయిందట, అన్న ఆమె బట్టల సంచి వాకిట్లోకి విసిరేశాడట. ఆ సంచే తీసుకుని బస్సెక్కి వచ్చింది. మిగిలిన శిక్షణంతా మా షెడ్డులోనే పూర్తి చేసింది. పనివాళ్ళు ఆమెతో మాట్లాడేవాళ్ళు కాదు. ఆమె టూల్ బాక్సులో ఎవరో బురద పోశారు, ఒకసారి నడిచే దారిలో గ్రీజు పూశారు. ఆమె జారిపడి మోచెయ్యి కొట్టుకుంది. ఓనరు గారు ఇద్దర్ని పనిలోంచి తీసేశాక అది ఆగింది. మేస్త్రి ఆమెకి పని చెప్పాల్సి వస్తే నాకు చెప్పేవాడు, నేను ఆమెకి చెప్పేదాన్ని. ముగ్గురం రెండడుగుల దూరంలోనే నిలబడి ఉండేవాళ్ళం. ఇప్పుడామె వేరే రాష్ట్రంలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తోంది. పండక్కి నాకు ఫోన్ చేస్తుంది, ఇంటికి వెళ్ళదు.

మేస్త్రి ఆ తర్వాత ఎవరినీ కొట్టగా నేను చూడలేదు. కొట్టకుండా నేర్పడం మాత్రం అతనికి రాలేదు. ఎవడైనా తప్పు చేస్తే పక్కకి నెట్టి తనే చేసేవాడు. చెయ్యి అప్పుడప్పుడు సగం లేచి, నడుం మీదకి వచ్చి ఆగేది. అతని కింద పనివాళ్ళు వెనకాల నవ్వుకునేవాళ్ళు. భయం పోయాక వాళ్ళకి అతని మీద మిగిలింది చాలా కొంచెమని అప్పుడు తెలిసింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు పెడన కుర్రాడు షెడ్డుకి వచ్చాడు, తన సామాన్లు తీసుకుపోవడానికి. చేతికర్ర లేకుండానే నడుస్తున్నాడు, కాకపోతే ప్రతి అడుగుకీ ఒక పక్కకి ఒరుగుతున్నాడు. చిక్కిపోయాడు. నాతో, ఓనరు గారితో మాట్లాడాడు. డ్రాయింగులు గీసే కంపెనీలో కుర్చీలో కూర్చునే పని చూస్తానని ఓనరు గారు మాటిచ్చారు.

మేస్త్రి దూరం నుంచి చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కుర్రాడి ఎదురుగా నిలబడ్డాడు. తల నిమరడానికి కాబోలు, చెయ్యి ఎత్తాడు.

కుర్రాడు చటుక్కున మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని, మెడ భుజాల్లోకి లాక్కున్నాడు. ఒంటికాలి మీద బరువు ఆగక బల్లకి కొట్టుకున్నాడు.

మేస్త్రి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

కుర్రాడు సర్దుకుని, మోచెయ్యి దించి, సిగ్గుపడుతూ నవ్వాడు. "అలవాటండీ మేస్త్రి గారూ, ఏమనుకోకండి" అన్నాడు.

మేస్త్రి చెయ్యి దించి, తన బల్ల దగ్గరికి వెళ్ళి, కొలత టేపు, సుద్దముక్క, కళ్ళద్దాలు చిన్న సంచిలో వేసుకున్నాడు. ఓనరు గారు పిలిచారు. వినపడని చెవి ఇటువైపు ఉందో, విననట్టు ఊరుకున్నాడో, గేటు దాటి వానలో నడుచుకుంటూ పోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఆటోనగర్లోనే ఇంకో షెడ్డులో చేరాడని, అక్కడ ఒంటరిగా ఒక మూల కూర్చుని ఇరుసులు మాత్రమే చేస్తున్నాడని, నేర్పడానికి ఎవరినీ దగ్గరికి రానివ్వడంలేదని ఎవరో చెప్పారు.

కుర్రాణ్ణి బస్టాండుకి దింపడానికి నేనే ఆటోలో వెళ్ళాను. రోడ్డు గుంతల్లో ఆటో ఎగిరిపడినప్పుడల్లా నా భుజం కలుక్కుమంటోంది, వాడు పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయాం. వాడు అప్పుడు అడిగాడు.

"మేడమ్, ఆయన తల కుట్లు మానాయా అండీ? నేను వెనక నుంచి చూద్దామనుకున్నా, టోపీ పెట్టుకున్నాడు."

"మానాయి" అన్నాను.

"మంచిదండీ" అని వాడు బయటికి, వానలోకి చూస్తూ కూర్చున్నాడు.